చికో మెండిస్: రబ్బరు చెట్ల మధ్య ఒక జీవితం

సోషల్ పేపర్లో అమెజాన్ అడవులు తగ్గిపోవడానికి కారణాలు అడిగితే మన పిల్లలు నాలుగు పాయింట్లు గబగబా రాసేస్తారు. అందులో పశువుల పెంపకం ఒకటి. దానికి అర మార్కు వస్తుంది. ఆ అర మార్కు వెనుక ఒక మనిషి ప్రాణం ఉందని చెప్పడానికి క్లాసులో పీరియడ్ సరిపోదు. అందుకే ఈ నెల ఆయన గురించి ఇక్కడ రాస్తున్నాను. వీలైతే పిల్లలతో కలిసి చదవండి.

చికో మెండిస్ 1944 డిసెంబర్ 15న పుట్టాడు. బ్రెజిల్‌కు పడమటి చివర, బొలీవియా సరిహద్దు దగ్గర ఆక్రె అనే ప్రాంతం ఉంది. అక్కడి షపురి ఊరి పక్కన ఒక రబ్బరు ఎస్టేటు ఆయన పుట్టిన చోటు. ఎస్టేటు అంటే కేరళలో లాగా వరుసలుగా నాటిన తోట కాదు. దట్టమైన అడవిలో రబ్బరు చెట్లు వాటంతట అవే అక్కడొకటి, ఇక్కడొకటి పెరుగుతాయి. వాటిని కలుపుతూ ఒక కాలిబాట ఉంటుంది. తెల్లవారకముందే తలకు కిరోసిన్ దీపం కట్టుకుని బయలుదేరాలి. ఒక్కో చెట్టు బెరడు మీద కత్తితో గీత పెట్టి, కింద గిన్నె తగిలించాలి. మళ్లీ అదే బాటలో తిరిగి పాలు పోగు చేసుకుని, పొగ పెట్టి ముద్ద కట్టాలి. గీత లోతుగా పడితే చెట్టు పాడవుతుంది, అప్పుడు మన కూడే పోతుంది. కాబట్టి చెట్టును నరకడమనే మాటే అక్కడ లేదు. చికో తొమ్మిదేళ్ల నుంచే తండ్రి వెంట ఈ పనికి వెళ్లాడు.

బడికి మాత్రం వెళ్లలేదు, ఎందుకంటే బడి లేదు. యజమానులే రానివ్వలేదు. కార్మికులు ఉప్పు, కిరోసిన్, బట్టలు యజమాని కొట్లోనే అప్పుకు కొనాలి, రబ్బరు ఆయనకే అమ్మాలి. ఆ లెక్క ఎప్పటికీ తీరదు. చదువొస్తే లెక్క చూస్తారు కదా! మన దగ్గర దొరల కాలం నాటి నాగు అప్పుల గురించి తాతల నోట విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఆయనకు అక్షరాలు వచ్చేసరికి పద్దెనిమిదేళ్లు. ఎయుక్లిడెస్ తావోరా అనే మాజీ సైనికుడు ప్రభుత్వానికి ఎదురు తిరిగి, తప్పించుకుని ఆ అడవిలో తలదాచుకున్నాడు. వారం చివర చికో గంటల తరబడి నడిచి ఆయన గుడిసెకు వెళ్లేవాడు. పాఠ్యపుస్తకం లేదు. పాత న్యూస్ పేపర్లు, రాత్రి పూట రేడియో వార్తలు, అంతే. ఒక టీచర్‌గా నేను ఈ భాగం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

1970లలో అడవి చేతులు మారింది. అప్పటి సైనిక ప్రభుత్వం రోడ్లు వేసి, పన్ను రాయితీలు, చౌక అప్పులు ఇచ్చి దక్షిణాది పెట్టుబడిదారులను పిలిచింది. వాళ్లు ఎస్టేట్లు కొని, చెట్లు నరికి, ఎండాకాలంలో తగలబెట్టి, బూడిదలో గడ్డి విత్తనాలు చల్లారు. అలా వేల ఎకరాల పశువుల రాంచ్‌లు తయారయ్యాయి. ఆ నేలలో సత్తువ పెద్దగా ఉండదు, ఉన్నదంతా చెట్లలో, రాలిన ఆకులోనే. బూడిద బలం తీరిపోగానే కొన్నేళ్లకు గడ్డి పలచబడుతుంది. అప్పుడు ఇంకో అడవి ముక్క. అయినా యజమానికి నష్టం లేదు. అడవి కొట్టి పశువులను తోలితే ఆ భూమి నాదే అనడానికి బలం వస్తుంది, రేటు పెరుగుతుంది. నన్నడిగితే పాల కోసమో మాంసం కోసమో కన్నా, భూమికి కాపలాగా పెట్టిన పశువులే ఎక్కువ. బ్రెజిల్ నట్ చెట్లను కొట్టకూడదని చట్టం ఉంది కాబట్టి వాటిని గడ్డి మధ్యలో వదిలేసేవారు. పుప్పొడి మోసే తేనెటీగలు అడవితో పాటే పోయాయి. చెట్టు నిలబడే ఉంటుంది కానీ సరిగా కాయదు.

ఆ పశువులు మనకు తెలియనివి కావు. బ్రెజిల్‌లో ఎక్కువగా కనిపించే తెల్లటి, మూపురమున్న జాతి పేరు నెలోర్. అది మన ఒంగోలు జాతే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే ఆ పేరు. 19వ శతాబ్దంలోనే ఓడల్లో వెళ్లడం మొదలైంది. 1960లలో వెళ్లిన ఒక ఆబోతును అక్కడ ఇప్పటికీ కర్వది అని గొప్పగా చెప్పుకుంటారు. అది ఒంగోలు పక్కన కరవది ఊరి పేరు. బోధన్ వైపు చెరుకు బండ్లు లాగిన ఎడ్లను చూసిన పెద్దలున్న మనం ఆ జాతిని తప్పు పట్టలేం. ఎండకు, ఈగలకు తట్టుకునే దాని ఓర్పే అక్కడ అడవికి ముప్పయింది.

రంపాలు వచ్చినప్పుడు రబ్బరు కార్మికులు భార్యాపిల్లలతో వెళ్లి చెట్లకు అడ్డంగా నిలబడేవారు. నరకడానికి వచ్చిన కూలీలతో మాట్లాడి పని ఆపించేవారు. ఈ పద్ధతిని మొదలుపెట్టిన నాయకుడు విల్సన్ పిన్యేరోను 1980లో యూనియన్ ఆఫీసులోనే కాల్చి చంపారు. ఆ తర్వాత భారం చికో మీద పడింది. ఆయన, తోటివాళ్లు కలిసి అడవి లోపల బళ్లు కూడా పెట్టారు. వాళ్ల వాచకం పేరు పొరోంగ, అంటే తలకు కట్టుకునే ఆ దీపం.

1985లో దేశంలోని రబ్బరు కార్మికులంతా బ్రసీలియాలో కలిశారు. అడవి ప్రభుత్వానిదే, కానీ రబ్బరు, కాయలు తీసుకుని బతికే హక్కు అక్కడివారిది అనే ఆలోచన అక్కడ రూపం తీసుకుంది. 1987లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ 500 అవార్డు ఇచ్చింది. విదేశాల్లో పేరొచ్చింది, ఊళ్లో శత్రువులు పెరిగారు. కశువేరా అనే ఎస్టేటును డార్లి అల్వెస్ అనే రాంచ్ యజమాని నరకబోతే 1988లో చికో వాళ్లు అడ్డుకున్నారు. బెదిరింపులు వస్తున్నాయని ప్రభుత్వం ఇద్దరు పోలీసులను కాపలా ఇచ్చింది. డిసెంబర్ 22 సాయంత్రం వాళ్లు వంటింట్లో డొమినోస్ ఆడుతున్నారు. చికో భుజం మీద తువ్వాలు వేసుకుని స్నానానికి వెనక తలుపు తీశాడు. తుపాకీ పేలింది. 44 ఏళ్లు నిండి వారమే అయింది. ఇంట్లో భార్య ఇల్జమార్, ఇద్దరు చిన్నపిల్లలు. 1990లో డార్లికి, అతని కొడుకు డార్సికి 19 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అదే ఏడాది షపురి చుట్టూ దాదాపు 9.7 లక్షల హెక్టార్ల అడవిని చికో మెండిస్ పేరుతో రిజర్వుగా ప్రకటించారు. అందులోని కుటుంబాలు కొద్దిగా పశువులను పెంచుకోవచ్చు. రబ్బరుకు ధర లేక, ఇంటి ఖర్చులు పెరిగి, చాలాచోట్ల ఆ హద్దు దాటిపోయింది. ఇప్పుడు రిజర్వు లోపలే చెట్లు పడిన చోట గడ్డి పెరుగుతోంది. అక్కడ మేసేవి ఆ తెల్లటి మూపురాల పశువులే.