ఉద్యోగం పోయిన ప్రొఫెసర్.. ఆకుపచ్చ రంగు లెక్క

1960ల నాటి జాగ్వార్ ఈ-టైప్ కారుకు మళ్లీ దాని ఒరిజినల్ ఆకుపచ్చే వేయాలంటే ఎలాగో తెలుసా? బయటి రంగు ఎండకు వెలిసిపోయి ఉంటుంది. అందుకే ఎండ తగలని చోటు, ఏ డాష్‌బోర్డు వెనకో, డోర్ ప్యానెల్ కిందో వెతుకుతారు. అక్కడ మెషీన్ పెడితే రంగు కాస్తా అంకెలైపోతుంది. ‘బ్రిటిష్ రేసింగ్ గ్రీన్’ అని పేరు చెబితే పని జరగదు. ఆ పేరుతో ఒకే ఒక్క షేడ్ ఎప్పుడూ లేదు మరి.

ఏ రంగునైనా మూడు అంకెల్లో పట్టుకోవచ్చని కొలిచి చూపించినాయన మీకు తెలిసినవారే. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. అవును, నాలుగు సమీకరణాలతో మనల్ని సెమిస్టరంతా ఏడిపించిన ఆయనే!

1831లో ఎడిన్‌బరోలో పుట్టారు. ఎనిమిదేళ్లకే తల్లిని పోగొట్టుకున్నారు. యూనివర్సిటీలో ఆయన గురువు ఫోర్బ్స్‌కి రంగుల చక్రాలు తిప్పి చూడటం ఇష్టం. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అని డ్రాయింగ్ క్లాసులో నేర్చుకున్నాం కదా? చక్రం మీద ఆ రెండు కాగితాలూ పెట్టి గిర్రున తిప్పితే ఆకుపచ్చ రాలేదు! పెయింట్లు కలిపితే ఒక్కోటీ కొంత వెలుగుని మింగేస్తుంది. చక్రం తిప్పితే రెండు వెలుగులూ కంట్లోనే కలుస్తాయి. రెండూ వేరు.

మాక్స్‌వెల్ దీన్ని పట్టుకుని వదల్లేదు. ఇళ్లకు రంగులేసే ఎడిన్‌బరో డెకొరేటర్ హే దగ్గర రంగు కాగితాలు తెచ్చుకున్నారు. చక్రం అంచుని 100 భాగాలు చేశారు. ఇంగిలీకం ఎరుపు 37, అల్ట్రామెరీన్ నీలం 27, ఎమరాల్డ్ ఆకుపచ్చ 36 పాళ్లు పెట్టి తిప్పితే, తెలుపు 28, నలుపు 72 పాళ్లు కలిసిన బూడిద రంగుతో సరిగ్గా సరిపోయింది. ఇదంతా 1855లో అచ్చయింది. పగటి వెలుగులో కలిసిన రంగులు గ్యాస్ దీపం కింద కలవవనీ అప్పుడే గమనించారు. ఇప్పటికీ పెయింట్ షాపులో కలిపిన శాంపిల్‌ని ఎండలోకి తీసుకెళ్లి చూసేది ఇందుకే.

ఇక మీరు ఆగి చదవాల్సింది 1860 గురించి. 25 ఏళ్లు నిండకముందే అబర్డీన్‌లోని మారిషల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు కదా, ఆ ఏడాది దాన్ని పక్క కాలేజీతో కలిపేశారు. ఫిజిక్స్‌కి ఒక్కటే పోస్టు. అవతలి ప్రొఫెసర్ని ఉంచి మాక్స్‌వెల్‌ని పంపేశారు. ప్రిన్సిపల్ అల్లుడై ఉండీ ఉద్యోగం నిలవలేదు! ఎడిన్‌బరోకి అప్లై చేస్తే ఆ పోస్టు స్కూలు స్నేహితుడు టెయిట్‌కి దక్కింది. అది చాలదన్నట్టు మశూచి.

అదే ఏడాది లండన్ కింగ్స్ కాలేజీ పిలిచింది. రంగుల పనికే రాయల్ సొసైటీ రమ్‌ఫోర్డ్ పతకం ఇచ్చింది. మరుసటి ఏడాది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో తీయించిన మూడు ఫొటోల్ని తెరమీద ఒకదానిపై ఒకటి వేసి రంగుల రిబ్బన్ చూపించారు. మొదటి కలర్ ఫొటోగా చెప్పుకునేది దాన్నే.

1871లో కేంబ్రిడ్జ్ కొత్త ల్యాబ్‌కి ప్రొఫెసర్ కావాల్సి వచ్చింది. విలియం థామ్సన్, హెల్మ్‌హోల్ట్జ్ వద్దనుకున్నాకే మాక్స్‌వెల్ దాకా వచ్చింది. అదే కావెండిష్. దాన్ని కట్టించి, నడిపి, 1879లో 48 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ని కనిపెట్టింది ఆ ల్యాబ్‌లోనే.