యాస వద్దన్నారు, చివరికి స్టూడియోనే కొన్నాడు: డెసి ఆర్నాజ్ కథ

ఒకసారి ప్రసారమైన సీరియల్ మళ్లీ మళ్లీ రావడం మనకిప్పుడు మామూలు సంగతి. ఏ ఛానల్ పెట్టినా పాతదేదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కానీ 1951లో అమెరికా టీవీ పెద్దలకు ఆ రీలు మీద హక్కు ఎవరిదన్నది పెద్ద విషయంగా కనిపించలేదు. దాని విలువ పట్టుకున్నది క్యూబా నుంచి వచ్చిన ఒక వలసదారు. అతని పేరు డెసి ఆర్నాజ్. జనం అతన్ని ఎక్కువగా నటి లూసిల్ బాల్ భర్తగానే గుర్తుపెట్టుకున్నారు. అది కొంచెం అన్యాయమే.

డెసి 1917 మార్చి 2న క్యూబాలోని శాంటియాగో నగరంలో పుట్టాడు. తండ్రి ఆ నగరానికి మేయర్‌గా చేశాడు, తర్వాత చట్టసభకు వెళ్లాడు. ఇళ్లు, పశువుల ఫారాలు, పనివాళ్లు, దేనికీ లోటు లేదు. 1933లో అధ్యక్షుడు మచాడో ప్రభుత్వం కూలిపోయింది. ఆ ప్రభుత్వం వైపు ఉన్నవాళ్ల మీద జనం విరుచుకుపడ్డారు. ఆర్నాజ్‌ల ఇల్లు ధ్వంసమైంది, ఆస్తి జప్తు అయింది, తండ్రిని జైల్లో పెట్టారు. అప్పుడు డెసికి 16 ఏళ్లు.

సుమారు ఆరు నెలలకు తండ్రి విడుదలై అమెరికాలోని మయామి చేరాడు. 1934లో కొడుకు కూడా అక్కడికే వచ్చాడు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. తండ్రీకొడుకులు టైల్స్ వ్యాపారం మొదలుపెట్టి, అద్దె ఆదా అవుతుందని సరుకు పెట్టే గోదాములోనే కాపురమున్నారు. కానరీ పిట్టలు అమ్మే ఒకతని దగ్గర డెసి పంజరాలు కడిగే పనికి కుదిరాడు. మేయర్ గారబ్బాయికి ఆ పనేంటని మనకనిపిస్తుంది. గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్లవాళ్లకు మాత్రం ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అతనికి గిటార్ వచ్చు, పాట వచ్చు. మయామి బీచ్ హోటల్లో ఒక చిన్న బృందంతో పాడుతుంటే, అప్పట్లో పేరున్న బ్యాండ్ మాస్టర్ జేవియర్ కుగాట్ చూసి తన బృందంలోకి తీసుకున్నాడు. కుగాట్ దగ్గర జీతం తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. కొన్ని నెలలకే డెసి బయటికొచ్చి మయామిలో సొంత బ్యాండ్ పెట్టాడు. క్యూబా పండగల్లో మెడకు డోలు తగిలించుకుని, వరసగా ఒకరి వెనక ఒకరు అడుగులేసే కాంగా నాట్యాన్ని అమెరికా వాళ్లకు చూపించాడు. అది పిచ్చిగా పాకిపోయింది. 1939లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకంలో వేషం దొరికింది. దాన్ని సినిమాగా తీయడానికి ఆర్‌కేఓ స్టూడియో అతన్ని హాలీవుడ్ పిలిపించింది. ఆ సెట్‌లోనే లూసిల్ బాల్ పరిచయమైంది. ఆమె అతనికంటే దాదాపు ఆరేళ్లు పెద్ద. 1940 నవంబర్ 30న పెళ్లయింది.

పెళ్లయిందన్న మాటే గానీ కలిసున్న రోజులు తక్కువ. అతను బ్యాండ్‌తో ఊళ్లు తిరిగేవాడు, ఆమె హాలీవుడ్‌లో షూటింగుల్లో ఉండేది. అతని తిరుగుళ్ల గురించిన కబుర్లూ ఆమె చెవిన పడేవి. 1944లో విడాకులకు కోర్టుకెక్కి, మళ్లీ రాజీ పడ్డారు. కాబట్టి 1950లో సీబీఎస్ సంస్థ లూసిల్ రేడియో కార్యక్రమాన్ని టీవీకి మార్చుదామని అడిగినప్పుడు ఆమె ఒకే షరతు పెట్టింది. భర్త వేషం తన భర్తే వేయాలి. ఉద్యోగం పేరుతోనైనా మనిషి ఇంటిపట్టున ఉంటాడని ఆమె ఆశ.

సీబీఎస్ వాళ్లు ఒప్పుకోలేదు. అమెరికా ఇల్లాలికి స్పానిష్ యాసలో మాట్లాడే క్యూబా మొగుడంటే జనం నమ్మరన్నారు. వాళ్లు నిజంగానే మొగుడూ పెళ్లాలు, అయినా నమ్మరట! దంపతులిద్దరూ వాదన పెట్టుకోలేదు. డెసిలు అని సొంత సంస్థ పెట్టి, 1950లో రంగస్థల ప్రదర్శనతో ఊరూరూ తిరిగారు. హాళ్లలో జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. సీబీఎస్ దిగొచ్చింది.

రెండో పేచీ కార్యక్రమం ఎక్కడ చేయాలన్నది. అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌లో వెళ్లేవి. మిగతా ప్రాంతాల కోసం టీవీ తెర ముందు కెమెరా పెట్టి కాపీ తీసేవారు. ఆ బొమ్మ మసకగా ఉండేది. స్పాన్సర్ సిగరెట్ కంపెనీ. ఎక్కువ టీవీలున్న తూర్పు ప్రాంతానికి ఆ మసక బొమ్మ పోవడం వాళ్లకు ఇష్టం లేదు. లూసిల్ దంపతులేమో హాలీవుడ్ వదిలి రామన్నారు. అయితే సినిమాలాగా ఫిల్ము మీదే తీద్దాం, దేశమంతా ఒకేలా కనిపిస్తుందని డెసి అన్నాడు. ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చింది. మా జీతంలో వారానికి 1,000 డాలర్లు కోసుకోండి, ఆ రీళ్ల మీద హక్కు మాత్రం మాదేనని బేరం పెట్టాడు. సీబీఎస్ సరేనంది. వాళ్లకది లాభసాటి బేరంలా కనిపించి ఉంటుంది.

ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి, నాటకంలా ఆపకుండా ఆడుతూ, మూడు కెమెరాలతో ఒకేసారి ఫిల్ముకెక్కించాలి. అన్ని కోణాలకూ ఒకే లైటింగ్ సరిపోవాలి. దీనికోసం డెసి పట్టుబట్టి పిలిపించిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కూడా వలసదారే, జర్మన్ సినిమాల్లో పేరు తెచ్చుకుని వచ్చినవాడు. హాస్య ధారావాహికలు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇదే పద్ధతిలో తీశారు.

1951 అక్టోబర్ 15న ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. డెసి వేసిన రికీ రికార్డో పాత్ర క్లబ్బులో బ్యాండ్ నడిపే క్యూబా మనిషి. కోపమొస్తే గబగబా స్పానిష్‌లోకి దిగిపోతాడు. అతని ఇంగ్లీషును లూసీ ఒక్కతే వెక్కిరించేది. ఇంకెవరైనా వెక్కిరిస్తే ప్రేక్షకులు నవ్వడం లేదని రచయితలు గమనించారు.

1952లో లూసిల్‌కు రెండో కానుపు. గర్భవతిని టీవీలో చూపించకూడదని సంస్థ, స్పాన్సర్ ఇద్దరూ బెంబేలెత్తారు. డెసి పట్టు వదల్లేదు. చివరికి గర్భం అనే మాట వాడకుండా, మతపెద్దలకు స్క్రిప్టులు చూపించి మరీ తీశారు. 1953 జనవరి 19న తెర మీద లూసీకి బిడ్డ పుట్టిన రోజే ఆసుపత్రిలో డెసి జూనియర్ పుట్టాడు. ఆ భాగాన్ని సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. ఆమె విశ్రాంతిలో ఉన్న వారాల్లో పాత భాగాలు మళ్లీ వేస్తే జనం వాటినీ చూశారు. డెసి పట్టుబట్టి దక్కించుకున్న రీళ్ల విలువ అప్పుడు తెలిసొచ్చింది.

అదే ఏడాది ఇంకో గండం. తాత మాట మీద లూసిల్ 1936లో కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా పేరు రాయించుకున్న సంగతి బయటపడింది. ఆ రోజుల్లో అమెరికాలో ఆ ఆరోపణతో ఎందరో నటుల బతుకులు కూలాయి. డెసి షూటింగ్‌కి ముందు ప్రేక్షకుల ఎదుట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. జనం ఆమెను చప్పట్లతో ఆహ్వానించారు.

తర్వాత వాళ్లు పాత భాగాల హక్కులను సీబీఎస్‌కే లక్షల డాలర్లకు అమ్మారు. 1957లో ఆర్‌కేఓ స్టూడియోను 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. 17 ఏళ్ల కింద జీతానికి వేషం వేయడానికి వచ్చిన చోటికి డెసి యజమానిగా వెళ్లాడు.

అక్కడి నుంచి కథ బాగుండదు. పనిభారం పెరిగింది, తాగుడు దాన్ని మించి పెరిగింది. పరాయి ఆడవాళ్ల వ్యవహారాలూ ఆగలేదు. 1960 మార్చిలో ఇద్దరూ కలిసి చేసిన చివరి భాగం షూటింగ్ అయిన మర్నాడే లూసిల్ విడాకులకు దరఖాస్తు పెట్టింది. 1962లో డెసిలులో అతని వాటాను కొనేసింది. ఆ సంస్థ తర్వాత తీసిన ‘స్టార్ ట్రెక్’ పేరులో అతని వంతు లేదు. ‘ఐ లవ్ లూసీ’ ముఖ్య నటుల్లో మిగతా ముగ్గురికీ ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి, నటుడిగా డెసికి ఒక్కసారీ రాలేదు.

మళ్లీ పెళ్లి చేసుకుని, కాలిఫోర్నియాలో గుర్రాలు పెంచాడు. చివరి రోజుల్లో తాగుడు మానేశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1986 డిసెంబర్ 2న కన్నుమూశాడు. అప్పటికి కొద్ది రోజుల ముందు కూడా లూసిల్ ఫోన్‌లో మాట్లాడింది. అతను పోయిన ఐదు రోజులకు ఆమెకు వాషింగ్టన్‌లో కెన్నెడీ సెంటర్ పురస్కారం ఇచ్చారు. ఆ సభ కోసం డెసి ఆమె గురించి ముందే రాసి పెట్టిన మాటలను, వాళ్ల సంస్థ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న రాబర్ట్ స్టాక్ వేదిక మీద చదివి వినిపించాడు. బాల్కనీలో కూర్చున్న లూసిల్ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది.