10 పౌండ్లకు నవల అమ్ముకుంది.. ఇప్పుడు 10 పౌండ్ల నోటుపై ఆమె బొమ్మే! జేన్ ఆస్టెన్ కథ ఇదీ

మమ్ముట్టి, టబు, ఐశ్వర్యారాయ్, అజిత్ నటించిన ‘ప్రియురాలు పిలిచింది’ సినిమా గుర్తుందా? 2000లో వచ్చిన ఆ సినిమా కథకు మూలం అంతకు దాదాపు 190 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో అచ్చయిన ఓ నవల. దాన్ని రాసింది జేన్ ఆస్టెన్. బతికున్నన్నాళ్లూ ఆమె ఏ పుస్తకం అట్ట మీదా తన పేరు వేసుకోలేదు. ఇప్పుడు ప్రేమ నవలలంటే ప్రపంచం మొదట తలచుకునే పేర్లలో ఆమెదీ ఒకటి. ఇంతకీ ఆమె ఎలా రాసేవారు? ఎంత సంపాదించారు?

పన్నెండేళ్లు నిండకముందే కలం

1775 డిసెంబర్ 16న ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతం, స్టీవెంటన్ అనే పల్లెలో పుట్టారు జేన్. తండ్రి జార్జ్ ఆస్టెన్ అక్కడి చర్చిలో మతాధికారి. ఎనిమిది మంది పిల్లల్లో జేన్ ఏడో సంతానం. అక్క కసాండ్రా అంటే ప్రాణం. తండ్రి దగ్గర పుస్తకాలకు కొదవ లేదు. దాంతో పన్నెండేళ్లు నిండకముందే ఇంట్లోవాళ్లను నవ్వించే కథలు రాయడం మొదలుపెట్టేశారు. పాతికేళ్లు వచ్చేసరికి మూడు నవలలు చేతిలో ఉన్నాయి. 1797లో తండ్రే స్వయంగా ఒక నవల గురించి లండన్ ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. ఆయన రాతప్రతి చూడనైనా చూడకుండా తిరుగు టపాలోనే వద్దనేశారు. ఆ నవలే తర్వాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయింది!

జేన్ దగ్గర ఎక్కడికైనా మోసుకెళ్లగలిగే చిన్న రాతపెట్టె ఉండేది. 1798లో ప్రయాణంలో ఉండగా ఆ పెట్టెను పొరపాటున వేరే బండిలో ఎక్కించేశారు. వెస్టిండీస్ వెళ్లే ఓడ దారి పట్టిన బండి అది! గుర్రం మీద మనిషిని పరుగెత్తించి మూడు మైళ్లు పోకముందే వెనక్కి తెప్పించారు. ఆమె దగ్గరున్న డబ్బంతా, అంటే 7 పౌండ్లు, అందులోనే ఉంది. ఆ పెట్టె ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

సాయంత్రం సరే.. పొద్దున్నే కాదు

1802 డిసెంబర్‌లో ఓ జమీందారీ వారసుడు హ్యారిస్ బిగ్ విదర్ ఆమెను పెళ్లి చేసుకుంటానన్నారు. జేన్ వయసు 27కు దగ్గరపడింది. ఆస్తి లేదు. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్లకు పెళ్లే ఆసరా. సాయంత్రం సరేనన్నారు. తెల్లారేసరికి మనసు మార్చుకుని కాదనేశారు. ఆ తర్వాత పెళ్లి ఊసే లేదు.

1803లో ‘సూసన్’ అనే నవలను 10 పౌండ్లకు అమ్మారు. కొన్నవాళ్లు దాన్ని అచ్చు వేయలేదు. 1805లో తండ్రి కన్నుమూశారు. తల్లీ ఇద్దరు కూతుళ్లూ అన్నదమ్ములు పంపే డబ్బుతో, అద్దె ఇళ్లు మారుతూ గడిపారు. ఆ సమయంలో ఓ నవల సగంలోనే ఆగిపోయింది. 1809లో తన నవల సంగతేంటని జేన్ నిలదీస్తే, అదే 10 పౌండ్లు కట్టి తీసుకెళ్లమని జవాబు వచ్చింది. అప్పట్లో ఆమెకు ఆ మొత్తం కూడా భారమే.

చిన్న బల్ల.. చిన్న కాగితాలు

1809 జులైలో అన్న ఎడ్వర్డ్ చాటన్ అనే ఊళ్లో ఓ ఇల్లు ఇచ్చారు. అక్కడే ఆమె దశ తిరిగింది. పొద్దున పియానో సాధన, తర్వాత అందరికీ టిఫిన్ ఏర్పాట్లు. ఇంటిపనిలో పెద్ద భాగం కసాండ్రా చూసుకునేవారు. మిగతా టైమంతా రాతకే! మేనల్లుడు రాసిన జీవిత చరిత్ర ప్రకారం, నలుగురూ తిరిగే గదిలోనే, ఎవరైనా వస్తే చటుక్కున దాచేయగలిగేంత చిన్న కాగితాల మీద రాసేవారట. ఆ గది తలుపు కిర్రుమనేది. బాగు చేయిస్తామన్నా వద్దన్నారట. ఎవరో వస్తున్నారని ముందే తెలియాలి కదా!

రాసింది ఇంట్లో చదివి వినిపించేవారు. అందరి అభిప్రాయాలు, తిట్టినవాళ్లవి కూడా, ఓ కాగితంపై రాసి పెట్టుకునేవారు. నవల రాస్తున్న మేనకోడలికి ఆమె ఇచ్చిన సలహా సింపుల్. తెలియని చోటికి పాత్రలను పంపకు, ఓ పల్లెలో మూడు నాలుగు కుటుంబాలుంటే నవలకు చాలు. రాజవంశం మీద చారిత్రక ప్రేమకథ రాయమని యువరాజు లైబ్రేరియన్ సూచిస్తే, అది తన వల్ల కాదని మర్యాదగా తప్పుకున్నారు.

డబ్బు లెక్క ఇదీ

1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ వచ్చింది. నష్టం వస్తే తానే భరించే పద్ధతిలో వేయించారు. రచయిత పేరున్న చోట ‘ఓ మహిళ’ అని మాత్రమే ఉంది. 140 పౌండ్ల లాభం వచ్చింది. 1813 జనవరిలో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులకు 150 అడిగితే దక్కింది 110. ఆ ఏడాదే రెండో ముద్రణ వచ్చినా అదనంగా పైసా అందలేదు. తర్వాత ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘ఎమ్మా’ వచ్చాయి. మూడు నవలల హక్కులకు ఓ ప్రచురణకర్త 450 పౌండ్లు ఇస్తానన్నా ఒప్పుకోలేదు. జీవితకాలంలో ఆమె సంపాదన మొత్తం 700 పౌండ్ల లోపే. ‘ఎమ్మా’ వచ్చాక 1816లో ఆ పాత ‘సూసన్’ను సోదరుడు హెన్రీ ద్వారా అదే 10 పౌండ్లకు వెనక్కి కొన్నారు.

ఒంట్లో బాగోకున్నా..

1816 జులై 18న ‘పర్సుయేషన్’ ముగించారు. కానీ ముగింపు తృప్తినివ్వలేదు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింటోంది. అయినా కొట్టేసి మళ్లీ రాశారు. విడిపోయిన ప్రేమికులు ఎనిమిదేళ్ల తర్వాత కలుసుకునే ఆ కథలో, కథానాయకుడు ఉత్తరంతో మనసు విప్పే ఘట్టం అలా పుట్టిందే! పక్కన పెట్టేసిన ఆ అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ భద్రంగా ఉంది. 1817 జనవరిలో ఇంకో నవల మొదలుపెట్టి, మార్చిలో చేతకాక ఆపేశారు. సరిగ్గా ‘పర్సుయేషన్’ తొలి ముగింపు రాసిన ఏడాదికి, 1817 జులై 18న వించెస్టర్‌లో అక్క చెంతనే కన్నుమూశారు. వయసు 41 ఏళ్లే.

వించెస్టర్ కేథడ్రల్‌లోని ఆమె సమాధి రాయిపై నవలల ప్రస్తావనే లేదు. ఆ ఏడాది చివర్లో హెన్రీ రెండు నవలలు ఒకేసారి తెచ్చారు. ఒకటి ‘పర్సుయేషన్’. రెండోది ఆ 10 పౌండ్ల ‘సూసన్’, ‘నార్తాంగర్ అబ్బే’ అన్న కొత్త పేరుతో! వాటి ముందుమాటలోనే రచయిత్రి ఎవరో లోకానికి చెప్పారు. ఆమె చనిపోయి రెండు వందల ఏళ్లు నిండిన 2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె బొమ్మతో కొత్త నోటు విడుదల చేసింది. ఆ నోటు విలువ 10 పౌండ్లు.