నేర్చిన చోటును దాచని గణితవేత్త

లంబకోణ త్రిభుజం అనగానే మన పిల్లలకు 3, 4, 5 గుర్తుకు వస్తాయి. 3 వర్గం 9, 4 వర్గం 16. రెండూ కలిపితే 25, అంటే 5 వర్గం. మూడు భుజాలూ పూర్ణ సంఖ్యలుగా ఉండే ఇలాంటి త్రిభుజాల వెనుక ఉన్న లెక్కను యూరప్‌కు చక్కగా విడమరచి చెప్పినవారిలో ఫిబొనాచీ ఒకరు. ఆయన జీవితాన్ని క్లుప్తంగా పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన అసలు పేరు లియొనార్డో. సుమారు 1170లో ఇటలీలోని పీసా నగరంలో జన్మించారు. తండ్రి ఉత్తర ఆఫ్రికాలోని బిజాయా రేవులో పీసా వర్తకుల తరఫున సుంకం వ్యవహారాలు చూసేవారు. నేడు అల్జీరియాలో ఉన్న బిజాయా ఆనాడు ముస్లిముల పాలనలో ఉండేది. తండ్రి కుమారుణ్ణి అక్కడికి పిలిపించుకుని లెక్కలు నేర్పించారు. భారతదేశంలో పుట్టి, అరబ్బుల ద్వారా అక్కడికి చేరిన అంకెలు ఆ బాలుని మనసు దోచుకున్నాయి. తరువాత ఆయన ఈజిప్టు, సిరియా, సిసిలీ వంటి దేశాలు తిరిగి, ఎక్కడ పండితులుంటే అక్కడ నేర్చుకున్నారు. 1202లో ‘లిబెర్ అబాచీ’ గ్రంథం రాశారు. ఆ అంకెలు భారతీయులవని, తాను బిజాయాలో నేర్చుకున్నానని ఆరంభంలోనే చెప్పుకున్నారు.

ఒకసారి ఫ్రెడరిక్ చక్రవర్తి సమక్షంలో ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. 5 కలిపినా, 5 తీసివేసినా వర్గంగానే మిగిలే వర్గం ఏది? ఆయన సమాధానం 41/12 వర్గం. 5 కలిపితే 49/12 వర్గం, తీసివేస్తే 31/12 వర్గం వస్తుంది. దీని వెనుక ఉన్నది 9, 40, 41 భుజాల లంబకోణ త్రిభుజమే. 40కి 9 కలిపితే 49, తీసివేస్తే 31. కర్ణం 41. ఈ విషయాలన్నీ ఆయన 1225లో వర్గ సంఖ్యలపై రాసిన గ్రంథంలో వివరించారు. 1240లో పీసా నగరం ఆయన సేవలకు వార్షిక వేతనం ప్రకటించింది.

ఇలాంటి ప్రశ్నలకూ లంబకోణ త్రిభుజాలకూ ఉన్న సంబంధాన్ని 10వ శతాబ్దంలోనే అబూ జాఫర్ అల్-ఖాజిన్ పరిశీలించారు. ఇది విని మనం గర్వపడతాం. కాని ఒక్క మాట ఆలోచించాలి. అరబ్బులు కూడా ఆ అంకెలను ‘హిందీ అంకెలు’ అనే పిలిచారు, తమ సొంతమని చెప్పుకోలేదు. విద్య ఒక అమానత్. ఎవరి దగ్గర నేర్చామో చెప్పాలి, నేర్చినదాన్ని ముందు తరానికి అందించాలి. పూర్వీకుల పేర్లు చెప్పుకుంటూ, పిల్లల లెక్కల పుస్తకం తెరిచి చూడకపోతే ఆ అమానత్‌ను మనం నెరవేర్చినట్లు కాదు.

ఈ రాత్రి మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. 1 నుండి 23 వరకు బేసి సంఖ్యలన్నీ కూడమనండి. 144 వస్తుంది, అది 12 వర్గం. తరువాతి బేసి సంఖ్య 25, అది 5 వర్గం. రెండూ కలిపితే 169, అంటే 13 వర్గం. 5, 12, 13 త్రిభుజం సిద్ధం. ఈ పద్ధతి ఫిబొనాచీ గ్రంథంలోనిదని కూడా వారికి చెప్పండి.