మల్కిభరాముడు

అనంతపురం సీమలో చెరువు నిండిందంటే ఊరికి పండుగే. పుట్టపర్తి పక్కన బుక్కరాయల పేరు మోస్తున్న బుక్కపట్నం ఉంది, దానికి పెద్ద చెరువూ ఉంది. ఈ సీమలోనిదే పెనుకొండ. 1565 తర్వాత విజయనగర రాజులకు అది రాజధాని అయింది. వారు హంపి విడిచి ఇటు రావడానికి కారణమైన యుద్ధంలో పాల్గొన్నవారిలో గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకరు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈయననే. పోటీలో మేలు చేసేదేదో, చేటు తెచ్చేదేదో తెలియాలంటే ఈయన చరిత్ర చూడాలి.

హాబీల్, ఖాబీల్‌ల వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు. గోల్కొండలోనూ అలాంటిదే జరిగింది. వంశస్థాపకుడైన సుల్తాన్ కులీ 1543లో తన కొడుకు జంషీద్ పన్నిన కుట్రకు బలయ్యాడు. సింహాసనానికి వారసుడైన అన్న ఖుతుబుద్దీన్ కళ్ళు పీకించాడు జంషీద్. చిన్నవాడైన ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని ముందు బీదరుకు, అక్కడినుంచి విజయనగరానికి చేరాడు. అళియ రామరాయలు ఆదరించాడు. ఇబ్రహీం ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు.

ఆ ఏడేళ్ళే ఆయన్ను మలిచాయని నా అభిప్రాయం. కవికి రాజు ఎలా పీట వేస్తాడో, చెరువు తవ్వించిన ప్రభువును రైతు ఎలా తలుచుకుంటాడో ఆయన కళ్ళారా చూశాడు. ఎదుటివాడి మేలు పోవాలని కోరితే అది హసద్ అనీ, అలాంటి మేలు తనకూ దక్కాలని కోరితే గిబ్తా అనీ ఉలమాలు వేరుచేసి చెబుతారు. 1550లో జంషీద్ మరణించాక గోల్కొండకు తిరిగి వచ్చి గద్దె ఎక్కిన ఇబ్రహీం పాలనలో ఈ రెండోది బాగా కనిపిస్తుంది. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామం దానంగా దక్కింది. సుల్తాన్‌ను చూసి ఆయన అధికారులూ అదే బాట పట్టారు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్రను అంకితం పుచ్చుకున్నది అమీన్‌ఖాన్ అనే అధికారి. చెరువుల సంగతి చెప్పనక్కర్లేదు. 1562 నాటి హుస్సేన్‌సాగర్, ఆయన పేరుమీదే ఉన్న ఇబ్రహీంపట్నం చెరువు ఈనాటికీ ఉన్నాయి. మూసీ మీద పురానాపూల్ 1578లో పూర్తయింది. బుక్కపట్నం చెరువు ఒక వంశానిది, ఇబ్రహీంపట్నం చెరువు ఇంకొక వంశానిది. ఇలాంటి పోటీ ఎంత ముదిరితే రైతుకు అంత మంచిది.

రెండో పోటీ వేరు. దక్కను సుల్తానుల తగవుల్లో రామరాయలు ఒకసారి ఒకరి పక్షం, మరోసారి మరొకరి పక్షం వహించి అందరికన్నా పైచేయి సాధించాడు. గోల్కొండ కోటలు కొన్ని కూడా పోయాయి. ఎవరు పెద్ద అన్న పంతంలో సుల్తానులు ఏకమయ్యారు. అన్నం పెట్టిన ఇంటి మీదికి ఇబ్రహీం కూడా కత్తి దూశాడు. 1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర రామరాయల తల తెగింది, విజయనగరం పాడుపడింది. రాయల తమ్ముడు తిరుమల రాజధానిని పెనుకొండకు మార్చాడు.

గెలిచినవాళ్ళకైనా మనశ్శాంతి కలిగిందా అంటే అదీ లేదు. ఉమ్మడి శత్రువు పోగానే సుల్తానులు మళ్ళీ తమలో తాము తగవులాడుకున్నారు. 1576లో బీజాపూరు సైన్యం పెనుకొండను ముట్టడించింది. తర్వాత కొద్ది ఏళ్ళకే గోల్కొండ సైన్యం, హండె నాయకులు కలిసి అహోబిలాన్ని ఆక్రమించిన సంగతి అక్కడి శాసనంలో ఉంది. కవులను పోషించిన సుల్తాన్ చరిత్రలో ఇదీ ఒక భాగమే, దాచితే లాభం లేదు.

ఇబ్రహీం 1580లో కన్నుమూశాడు. గోల్కొండ కోట దగ్గరి సమాధుల తోటలో ఆయన సమాధి ఉంది. తండ్రి సుల్తాన్ కులీ, ఆ తండ్రిని చంపించిన జంషీద్ కూడా ఆ తోటలోనే ఉన్నారు.