కల్నల్ షార్ట్ – పొదిలి బావులు

ఈ పాఠం చదివిన తరవాత బావి నీటిని ఎందుకు పరీక్షించాలో మీరు చెప్పగలుగుతారు.

నీరు తేటగా ఉంటే అది మంచి నీరేనని మనం అనుకుంటాం. అది ఎప్పుడూ నిజం కాదని తెలుగు నేల మీద నిరూపించినవారిలో ముఖ్యుడు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్.

షార్ట్ 1887లో పంజాబులోని ధారీవాల్‌లో పుట్టాడు. స్కాట్లండులోని అబర్డీన్‌లో వైద్యం చదివి, భారత వైద్య సర్వీసులో చేరాడు. అస్సాంలో కాలా అజార్ జ్వరం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. 1930లలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరయ్యాడు.

ఆ రోజుల్లో పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి రైతులు మొదట ఎడ్లలో తేడా గమనించారు. బయటి నుంచి కొని తెచ్చిన ఎడ్లు కొంతకాలానికి కీళ్లు బిగుసుకుపోయి అరక దున్నలేకపోయేవి. మనుషులకూ ఇదే బాధ. పిల్లలకు గారపళ్లు వచ్చేవి. పెద్దవాళ్లకు మెడ తిరిగేది కాదు, నడుము వంగిపోయేది.

షార్ట్ ఒక్కడే ఈ చిక్కు విప్పలేదు. వైద్యులు మెక్‌రాబర్ట్, మన్నాడి నాయర్ అతనితో కలిసి పనిచేశారు. ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్ కూడా వారికి తోడయ్యాడు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటమే ఈ జబ్బుకు కారణమని వారు 1937లో ప్రకటించారు. అదే ఏడాది సి.జి. పండిట్, రాఘవాచారిలతో కలిసి షార్ట్ నెల్లూరు జిల్లా పరిస్థితిపై మరో నివేదిక ప్రచురించాడు. ఈ జబ్బే ఫ్లోరోసిస్.

ఫ్లోరైడ్ రాతి పొరల నుంచి నీటిలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నీరు కాచినా అది పోదు. పక్కపక్క బావుల్లో కూడా దాని పాలు వేరుగా ఉండవచ్చు. కనుక ప్రతి బావినీ, బోరునూ విడివిడిగా పరీక్షించాలి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

షార్ట్ ఆ తరవాత లండను వెళ్లాడు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నాడు. నూరేళ్లు బతికి 1987లో మరణించాడు.

కారణం తెలిసినంత మాత్రాన బావుల నీరు మారలేదు. 1937 తరవాత కూడా ఎన్నో ఊళ్లు దశాబ్దాల పాటు ఆ నీరే తాగాయి. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. పశ్చిమ బెంగాల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. గొట్టపు బావుల నీరు తాగినవారి చర్మంపై మచ్చలు చూసి, అది ఆర్సెనిక్ విషమని డాక్టర్ కె.సి. సాహా 1983లో గుర్తించాడు. రెండు చోట్లా ముందు మనుషులు జబ్బుపడ్డారు, తరవాతే నీటిని పరీక్షించారు. ఈ వరస మారాలి.

ప్రశ్నలు
1. దర్శి రైతులు మొదట ఏ మార్పు గమనించారు?
2. నీరు కాచి తాగితే ఫ్లోరోసిస్ రాకుండా ఉంటుందా? ఎందుకు?
3. మీరు తాగే నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? పంచాయతీలో అడిగి రాయండి.