నిజాం అన్నది ఒక ఉద్యోగం పేరు



మొన్న ఏడో తరగతి సోషల్ క్లాసులో ఒక బాబుకు ఒక సందేహం వచ్చింది. మన ఊరి పేరులో ఉన్న నిజాం మొదట ఎలా రాజయ్యాడు, ఆయన తలమీద కిరీటం ఎవరు పెట్టారు అని. సమాధానం వింటే పెద్దవాళ్లకూ ఆశ్చర్యమే. ఎవరూ పెట్టలేదు. ఆసఫ్‌జాహీ వంశాన్ని మొదలుపెట్టిన మీర్ ఖమరుద్దీన్ ఖాన్ చివరి శ్వాస వరకూ కాగితం మీద ఢిల్లీ పాదుషా దగ్గర ఉద్యోగే.

ఆయన 1671లో పుట్టాడు. తాత ఖ్వాజా ఆబిద్ సమర్‌కంద్ ప్రాంతం నుంచి వచ్చి మొగల్ కొలువులో కుదిరినవాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఫిరంగి గుండు తగిలి తాత చెయ్యి పోయింది, కొద్ది రోజులకే ప్రాణమూ పోయింది. కోట మాత్రం ఆ తర్వాతే లొంగింది. ఏ నగరం గోడ ముందు ఆయన పడిపోయాడో ఆ నగరాన్నే ఆయన మనవడి సంతతి ఏలింది. తండ్రి గాజీయుద్దీన్ ఫిరోజ్ జంగ్ కూడా పేరున్న సేనాని. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే మూడు తరాల సర్కారు నౌకరీ కుటుంబం.

ఆ నౌకరీకి ఒక పద్ధతి ఉండేది. ఏ సుబేదారునూ ఒకేచోట ఎక్కువ కాలం ఉంచకూడదు. ఉంటే వేళ్లూనుకుంటాడు, శిస్తు తన ఇంటికి మళ్లించుకుంటాడు. అందుకే బదిలీలు. 1713లో పాదుషా ఫరూఖ్‌సియర్ ఖమరుద్దీన్‌కు నిజాముల్ ముల్క్ అన్న బిరుదిచ్చి దక్కన్‌కు పంపాడు. రాజ్య వ్యవహారాలను చక్కబెట్టేవాడు అని ఆ మాటకు అర్థం. చూశారా, అది రాజు పేరు కాదు, చేసే పనికి పేరు. రెండేళ్లు తిరగకముందే దర్బారులో చక్రం తిప్పుతున్న సయ్యద్ సోదరులు ఆ పదవిని లాక్కున్నారు. పోస్టింగ్ ఎంత తేలిగ్గా వస్తుందో అంత తేలిగ్గా పోతుందని ఆయనకు అప్పుడే తెలిసివచ్చి ఉంటుంది.

1719లో మాళ్వా ఇచ్చారు. అక్కడి నుంచీ కదిలించబోతున్నారని అర్థమయ్యాక 1720లో ఉత్తర్వు లేకుండానే సేనతో నర్మద దాటాడు. ఆశీర్‌గఢ్ కోట, బుర్హాన్‌పూర్ చేతికొచ్చాయి. తన మీదికి వచ్చిన రెండు సేనలను ఒకదాని తర్వాత ఒకటి ఓడించాడు. ఆ ఏడాదే సయ్యదుల కథ ముగిసింది. కొత్త పాదుషా మహమ్మద్ షా 1722లో ఆయన్ను ఢిల్లీకి పిలిపించి వజీరును చేశాడు.

ఆ మధ్య రెండేళ్లే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తాయి. లంచాలు ఆపాలని, జాగీర్ల పంపకం సరిచేయాలని వజీరు పట్టుబట్టాడు. దర్బారులో వాళ్లకు అది గిట్టలేదు, ముసలాయన నడకనూ వేషాన్నీ చూసి నవ్వుకున్నారు. కేంద్రం ఇక బాగుపడదని తేల్చుకున్నాక ఆయన వేట వంకతో ఢిల్లీ వదిలి దక్షిణానికి దారి పట్టాడు.

పాదుషా ఊరుకోలేదు. హైదరాబాద్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌కు రహస్యంగా కబురు పెట్టి, నిజామును ఓడిస్తే దక్కన్ అంతా నీదేనని ఆశపెట్టాడు. 1724 అక్టోబరులో ఇద్దరూ బీరార్‌లోని శక్కర్‌ఖేడా దగ్గర తలపడ్డారు. పేరు వింటే మన బోధన్ శక్కర్‌నగర్ గుర్తొస్తుంది గానీ, ఇది నేటి మహారాష్ట్ర బుల్దానా జిల్లాలోని ఊరు. ముబారిజ్ ఖాన్ అక్కడే చనిపోయాడు. తిరుగుబాటుదారును అణచానంటూ నిజాం అతని తలను ఢిల్లీకి పంపాడని చరిత్రకారులు రాస్తారు. పంపింది ఎవరు, ఎవరి మీదికి పంపారు అన్నది పాదుషాకు తెలుసు, నిజాముకూ తెలుసు. ఇద్దరూ ఏమీ తెలియనట్టే నడుచుకున్నారు. 1725లో పాదుషా ఆయన్ను దక్కన్ సుబేదారుగా ఖాయం చేసి ఆసఫ్ జా బిరుదిచ్చాడు. ఆసఫ్ అంటే సులేమాన్ ప్రవక్త దగ్గర మంత్రిగా చెప్పుకునే మనిషి. అంటే వంశం పేరు కూడా మంత్రి పేరే!

సింహాసనం ఎక్కలేదు, సొంత పేరుతో నాణెం కొట్టలేదు. మసీదుల్లో ఖుత్బా ఢిల్లీ పాదుషా పేరునే సాగింది. కానీ ఆరు సుబాల శిస్తు ఎవరు వసూలు చేయాలో, ఏ జాగీరు ఎవరికి దక్కాలో, ఏ కోటలో ఎవరు ఉండాలో అన్నీ ఆయనే నిర్ణయించాడు. పేరు వాళ్లకు వదిలి పని తన చేతిలో పెట్టుకున్నాడు. మన దగ్గర ఇది కొత్త కాదు. అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందు బోధన్‌లో మొదలై వేములవాడకు మారిన చాళుక్యులు కూడా రాష్ట్రకూటుల కింద సామంతులుగానే ఎదిగారు.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని కాదు. 1728లో పాల్ఖేడ్ దగ్గర పీష్వా బాజీరావు నీళ్లు, ధాన్యం అందకుండా చుట్టుముట్టి ఒప్పందానికి దించాడు. దక్కన్ శిస్తులో నాలుగో వంతు చౌత్, దాని మీద పదో వంతు సర్దేశ్‌ముఖీ మరాఠాలకు చెల్లించక తప్పలేదు. వీళ్లకైనా వాళ్లకైనా ఆ సొమ్ము కట్టింది దుక్కి దున్నే రైతే. దేశచరిత్ర పుస్తకాల్లో ఆ రైతు పేరు ఉండదు.

ఇంటి పోరు ఇంకా కష్టమైంది. 1739లో నాదిర్ షా ఢిల్లీని దోచినప్పుడు నిజాం ఉత్తరానే ఉన్నాడు. ఇక్కడ తన బదులు పెట్టివచ్చిన కొడుకు నాసిర్ జంగ్ అధికారం రుచి చూశాక తిరిగివ్వనన్నాడు. తండ్రి పాదుషాతో ఎలా నడుచుకున్నాడో కొడుకు అదే నేర్చుకున్నాడు. 1741లో ఔరంగాబాద్ దగ్గర డెబ్బై ఏళ్ల తండ్రి కొడుకుతో యుద్ధం చేసి గెలిచాడు. గాయపడ్డ కొడుకును ఖైదు చేసి, తర్వాత క్షమించాడు.

1748లో బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. వారసుడెవరన్న నియమం ఏదీ స్థిరపడలేదు. నాసిర్ జంగ్ 1750లో, మేనల్లుడు ముజఫర్ జంగ్ 1751లో హత్యకు గురయ్యారు. సలాబత్ జంగ్ గద్దెనెక్కించిన ఫ్రెంచివాళ్లకు 1753లో కోస్తా సర్కారులు అప్పగించాల్సి వచ్చింది. ఏడు కుల్చాలు తిన్నందుకు ఏడు తరాలు ఏలారని హైదరాబాద్‌లో ఒక కథ చెబుతారు. ఏడుగురు నిజాములన్న లెక్క కుదరాలంటే మాత్రం ఈ ముగ్గుర్నీ పక్కన పెట్టాలి!

రాజధాని 1763లో ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మారింది. ఇందూరు నిజామాబాద్ కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మంజీరపై నిజాంసాగర్, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏడో నిజాం కాలంలో వచ్చాయి. ఆ చెరుకు బళ్ల వరుసలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

సెలవుల్లో పిల్లలతో ఎల్లోరా వెళ్లాలనుకుంటే, మన స్టేషన్‌లో మన్మాడ్ వైపు రైలెక్కి, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఔరంగాబాద్‌లో దిగాలి. ఎల్లోరా దారిలోనే ఖుల్దాబాద్ వస్తుంది. అక్కడ బుర్హానుద్దీన్ దర్గా ఆవరణలో మొదటి నిజాం సమాధి ఉంది. రోడ్డుకు అవతల, కాసేపు నడిస్తే చేరేంత దూరంలో, ఆయనకు మొదటి కొలువిచ్చిన ఔరంగజేబు సమాధి.